ఈ చట్టం కావాలని ఉత్తరం రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు మా అబ్బాయి ఛానెల్ పోయింది. ఏం చేయమంటారు?

రాత్రిడ్యూటీ_అమ్మ:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. పన్నెండేళ్లుగా మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం, ఊరికి పడమటి వైపు ట్రూగనీనాలో. నేను వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీ నర్సుని. పోస్టు పెద్దదే, కాస్త ఓపికగా చదవండి. ఇక్కడ లాయర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, టీచర్లు ఉన్నారని తెలిసే అడుగుతున్నాను.

ఆస్ట్రేలియాలో 16 ఏళ్లు నిండని పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం 2025 డిసెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, ఎక్స్, యూట్యూబ్, రెడిట్ లాంటివి మొత్తం పది. పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ శిక్ష ఏమీ ఉండదు. కంపెనీ తగిన చర్యలు తీసుకోకపోతే మాత్రం 4.95 కోట్ల డాలర్ల దాకా జరిమానా. "మా పిల్లాడే కదా, మాకు అభ్యంతరం లేదు" అని మనం చెప్పినా చెల్లదు. జనవరిలో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 47 లక్షల ఖాతాలు ఆపేశారు.

వాటిలో ఒకటి మా వాడిది.

ముందు మా పెద్దమ్మాయి సంగతి చెప్పాలి, లేకపోతే నేను ఎటువైపు నిలబడి మాట్లాడుతున్నానో మీకు అర్థం కాదు. 2022లో దానికి పదమూడేళ్లు. దాని ఖాతాలోంచి ఎవరో ఫొటోలు తీసుకుని, ముఖం మాత్రం ఉంచి మిగతాది మార్చి, దాని పేరుతోనే ఇంకో ఖాతా తెరిచారు. స్కూలంతా తిరిగింది. మేము రిపోర్ట్ కొడితే ఆ యాప్ వాళ్ల నుంచి రెండు రోజులకి ఒక్క వాక్యం వచ్చింది, అది మా నియమాలకి విరుద్ధంగా లేదని. పదకొండుసార్లు కొట్టాం. ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ నేను రాత్రి డ్యూటీకి వెళ్తుంటే అది నా దుప్పటి కప్పుకుని నా మంచం మీదే పడుకునేది. తెల్లారి నేను వచ్చేసరికి కళ్లు తెరుచుకునే ఉండేది.

అందుకే 2024 నవంబరులో ఈ బిల్లు వచ్చినప్పుడు నేను ఆగలేదు. సెనేట్ కమిటీ జనం అభిప్రాయాలు పంపడానికి ఒక్క రోజే గడువిచ్చింది. పదిహేను వేల దాకా వెళ్లాయట. ఉదయం ఏడింటికి డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా, వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేనూ ఒకటి రాశాను. ఆగకుండా పేజీన్నర. రాసిన దాంట్లో ఒక్క మాట కూడా నేను ఈ రోజు వెనక్కి తీసుకోను.

ఇక మా వాడు. పద్నాలుగేళ్లు దాటాయి, 16 రావడానికి ఇంకా ఏడాది పైన రెండు నెలలుంది. వాడికి నత్తి. చిన్నప్పటి నుంచీ ఉంది. 'ప' దగ్గర ఎక్కువ. పెదాలు కలుస్తాయి, విడిపోవు, మెడ నరం ఉబ్బుతుంది, కళ్లు గట్టిగా మూసుకుంటాడు. వాడి పేరు 'ప'తోనే మొదలవుతుంది. ఒకసారి క్లాసుకి కొత్త టీచర్ వచ్చి పేరు అడిగితే వీడు చెప్పలేక నిలబడ్డాడు. "నీ పేరు నువ్వే మర్చిపోయావా?" అని ఆవిడ నవ్వుతూ అన్నారట. నవ్వుతూనే అన్నారు, కానీ వాడు ఆ తర్వాత మూడు రోజులు స్కూలుకి పోలేదు.

మా నాన్నగారు తెనాలిలో పద్య నాటకాలు ఆడినవారు. ముఖానికి రంగు వేసుకోవడం మానేసి ఇరవై ఏళ్లయినా ఆ గొంతు అలాగే ఉంది. రెండేళ్ల క్రితం సెలవులకి వెళ్లినప్పుడు ఆయన హార్మోనియం ముందు వీణ్ణి కూర్చోబెట్టి ఒక సీస పద్యం అందుకోమన్నారు. అందుకున్నాడు. నాలుగు పాదాలూ, ఆపైన ఎత్తుగీతీ, చివర రాగం కూడా. ఎక్కడా ఆగలేదు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను, నా చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. నత్తి ఉన్న చాలామందికి పాడేటప్పుడు మాట ఆగదని స్పీచ్ థెరపిస్టు ఇదివరకే చెప్పింది. చెప్పగా వినడం వేరు, నా కొడుకు గొంతు అలా సాగిపోతుంటే వినడం వేరు.

ఇక్కడికి వచ్చాక ప్రతి ఆదివారం మాకు మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకి, అంటే అక్కడ మా నాన్నగారు కాఫీ తాగే వేళకి, వాట్సాప్‌లో కూర్చునేవాళ్లు. ఆయన ఒక పద్యం నేర్పేవారు, వీడు వారమంతా సాధన చేసి శనివారం రికార్డు చేసి ఒక వీడియోల సైటులో పెట్టేవాడు. పదమూడు నిండాకే ఖాతా తెరిచాడు, పుట్టినతేదీ నిజమే ఇచ్చాడు. 63 పద్యాలు పెట్టాడు. చూసేవాళ్లు రెండు వందల పైచిలుకు, ఎక్కువమంది పెద్దవాళ్లే. రేపల్లె నుంచి ఒకాయన "బాబూ, రెండో పాదంలో యతి దగ్గర ఊపిరి తీసుకోకు" అని రాసేవారు.

నవంబరు నెలాఖరున కరీంనగర్ నుంచి ఒక పిల్లాడు కామెంటు పెట్టాడు. "అన్నా, నాకు కూడా నత్తి. నువ్వు పద్యంలో ఆగవు. మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఆగవా?" అని. వీడు దానికి జవాబు రాయడానికి పది రోజులు తీసుకున్నాడు. రాయడం, చెరిపేయడం. తెలుగు టైపింగ్ సరిగా రాదు, అక్కని అడుగుతూ రాశాడు. నిజం చెప్పాలా, ధైర్యం చెప్పాలా అని వాడి బాధ. ఆ జవాబు పంపకముందే డిసెంబరు 10 వచ్చింది.

నిజం తేదీ ఇచ్చాడు కాబట్టి మొదటి రోజే పోయింది. వీడి క్లాసులో మీసం మొలిచిన కుర్రాడొకడు కెమెరా ముందు నిలబడితే 18 దాటిందని చూపించి వదిలేసిందట. తప్పుడు తేదీ ఇచ్చినవాళ్లు చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు.

మా ఆయన "ఇంకో ఖాతా తెరిచి నాలుగేళ్లు ఎక్కువ వేస్తే సరిపోతుంది, అందరూ చేస్తున్నదే" అంటున్నారు. ముఖం చూపించమంటే నువ్వు చూపించు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. అబద్ధం ఆడని పిల్లాడికి అబద్ధం నేర్పాలా? అలాగని ఇంకో పద్నాలుగు నెలలు వాడి గొంతు మూసేయాలా?

నా ప్రశ్నలు. ఒకటి, వాడి పద్యాలు నా పేరు మీద పెడితే చట్టప్రకారం తప్పా? రెండు, నా ముఖమో నా లైసెన్సో ఆ కెమెరాకి చూపిస్తే అది ఎక్కడికి పోతుంది? మూడోది ప్రశ్న కాదేమో. ఇలాంటి చట్టం మన దగ్గరా తెస్తారని వింటున్నాను. మీరు ఏమనుకుంటున్నారు?

బైక్_రాజా:

ఇంత టెన్షన్ ఎందుకండీ, వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) పెట్టుకుంటే రెండు నిమిషాల పని.

రాత్రిడ్యూటీ_అమ్మ:

వద్దు తమ్ముడూ. మాకు కావాల్సింది దొంగదారి కాదు. వాడు తన పేరుతో, తన గొంతుతో మాట్లాడాలి. దాక్కుని మాట్లాడటం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటే, దాన్ని మాన్పించడానికే ఇంత కష్టపడ్డాం.

మాధాపూర్_కోడర్:

అక్కా, నేను వయసు తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ మీద రెండేళ్లు పనిచేశాను. రెండో ప్రశ్నకి జవాబు చెప్తాను.

ముఖం చూసి వయసు చెప్పే పద్ధతిలో ఆ ప్రోగ్రాం మీరెవరో గుర్తుపట్టదు. చర్మం, దవడ, కళ్ల చుట్టూ గీతలు చూసి ఒక అంకె చెబుతుంది. 40 ఏళ్ల మనిషిని 25 దాటినట్టు చెప్పడం దానికి తేలిక. 15 ఏళ్ల పిల్లాడికీ 17 ఏళ్ల పిల్లాడికీ తేడా చెప్పమంటే మాత్రం తడబడుతుంది. ఆ వయసులో మనకే తెలియదు కదా. ఒకే క్లాసులో ఒకడు నాన్నలా ఉంటాడు, ఇంకొకడు తమ్ముడిలా ఉంటాడు. అంటే ఈ చట్టానికి ఎక్కడ కచ్చితంగా కావాలో, ఈ పద్ధతి సరిగ్గా అక్కడే బలహీనం. మీ వాడి క్లాసులో మీసం కుర్రాడి సంగతి నాకు ఆశ్చర్యంగా లేదు.

అందుకే అనుమానం వచ్చినవాళ్లని కార్డు చూపించమంటారు. ఆస్ట్రేలియా చట్టంలో ఒక మంచి నిబంధన ఉంది. ప్రభుత్వ కార్డు ఒక్కటే దారి అని కంపెనీ పట్టుబట్టకూడదు, వేరే దారి ఇవ్వాలి. వయసు తేల్చడానికి తీసుకున్న సమాచారాన్ని పని అయిపోయాక చెరిపేయాలి. కాగితం మీద బాగానే ఉంది.

కానీ 2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ విషయంలో ఏమైందో చూడండి. దాదాపు 70 వేల మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండొచ్చని ఆ కంపెనీయే చెప్పింది. అవి ఎక్కడి నుంచి పోయాయి? వాళ్ల కస్టమర్ సర్వీసు చూసే బయటి సంస్థ దగ్గర్నుంచి. "నా వయసు తప్పుగా లెక్కేశారు, చూడండి" అని మొరపెట్టుకుంటూ జనం పంపిన కార్డులు అక్కడ పోగుపడ్డాయి. మేము పనిచేసే చోట కూడా తనిఖీ జరిగే గదికి ఎన్ని తాళాలైనా వేస్తాం, మొర వినే కౌంటర్ దగ్గర కాగితాలు కుప్పపడి ఉంటాయి. మెషీన్ పొరపాటు పడ్డ ప్రతి మనిషీ ఆ కౌంటర్‌కే రావాలి. నేను ఆ పని మానేయడానికి ఇదీ ఒక కారణం.

ఇంకో సంగతి, దీన్ని పిల్లల చట్టం అంటారు గానీ, 15 ఏళ్లవాణ్ణి పట్టుకోవాలంటే 50 ఏళ్లవాళ్ల వయసు కూడా ఏదో ఒక రకంగా తేల్చుకోవాల్సిందే. ఖాతా పాతదైతేనో, ఎప్పటి నుంచో వాడుతుంటేనో అడక్కుండా వదిలేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకి, పేరు చెప్పకుండా మాట్లాడాల్సిన అవసరం ఉన్నవాళ్లకి ఇబ్బంది.

మీ వరకు వస్తే, వాడి ఖాతాకి మీ ముఖం చూపించకండి, అది అబద్ధమే అవుతుంది, దొరికితే మళ్లీ పోతుంది. మీ పేరుతో, మీ మెయిల్‌తో, మీ ఖాతా మీరు తెరవండి. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. వీడియో మీరు పెట్టాలి, కామెంట్లకి జవాబు మీరే టైప్ చేయాలి. చట్టం వద్దన్నది 16 నిండని పిల్లలకి ఖాతా ఉండటాన్ని. తల్లి తన ఖాతాలో కొడుకు పద్యం పెట్టుకోవడాన్ని ఎవరూ ఆపలేదు.

లెక్కల_టీచర్_ఒంగోలు:

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ బాబుకి నా ఆశీస్సులు. అయినా నేను ఈ చట్టం పక్షానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

నేను ప్రభుత్వ హైస్కూల్లో 22 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. మొదటి పీరియడ్ నాదే. ఎనిమిదో తరగతిలో 38 మంది పిల్లలుంటే సోమవారం ఉదయం పదిమంది బెంచీ మీద తల వాల్చేస్తారు. ఇదివరకు పొలం పనులకి వెళ్లి అలిసిపోయి నిద్రపోయేవాళ్లు. ఇప్పుడు రాత్రి రెండింటి దాకా రీల్స్. ఒక పిల్లాడి బొటనవేలు నిద్రలో కూడా పైకి కిందికి కదలడం నా కళ్లారా చూశాను. ఆ రోజు నేను పాఠం చెప్పలేకపోయాను.

తల్లులు నా దగ్గరికి వచ్చి ఏడుస్తారు. ఫోన్ లాక్కుంటే అన్నం మానేస్తున్నాడని, గోడకి తల బాదుకుంటున్నాడని. ఆ తల్లి కూలికి పోయే మనిషి. సెట్టింగ్స్ అంటే ఏమిటో ఆమెకి తెలియదు. ఆమె చేతికి ఒక మాట కావాలి. "నేను కాదురా, ప్రభుత్వం వద్దంది, మీ క్లాసులో ఎవరికీ లేదు" అనగలగాలి. అందరికీ లేకపోతే ఒక్కడికి బాధ ఉండదు. స్కూల్లో యూనిఫాం పెట్టింది అందుకే కదా.

వాక్ స్వాతంత్ర్యం గురించి మీరంతా బాగా రాస్తారు. నా పిల్లలకి అందులో మాట్లాడటం ఎక్కడిది? వాళ్లు అక్కడ ఒక్క ముక్క కూడా రాయరు. చూస్తూ ఉంటారు, అంతే.

లెస్టర్_లక్ష్మి:

నేను బ్రిటన్ నుంచి. ఇక్కడ ఆన్‌లైన్ భద్రతా చట్టం 2023లో వచ్చింది, వయసు తనిఖీలు 2025 జూలై 25 నుంచి మొదలయ్యాయి. ఇక్కడి చట్టం వేరే రకం. పిల్లల ఖాతాలు తీసేయమనలేదు. అశ్లీల చిత్రాలు, ఆత్మహత్యని, ఒళ్లు కోసుకోవడాన్ని, తిండి మానేయడాన్ని ప్రోత్సహించే పోస్టులు పిల్లల కంట పడకుండా చూడమన్నారు. చూడకపోతే 1.8 కోట్ల పౌండ్లు గానీ, ప్రపంచవ్యాప్త ఆదాయంలో పదో వంతు గానీ, ఏది ఎక్కువైతే అంత దాకా జరిమానా.

ఆ వారం వీపీఎన్ యాప్‌లు డౌన్‌లోడ్లలో పైకెక్కి కూర్చున్నాయి. చట్టాన్ని రద్దు చేయమని పార్లమెంటు వెబ్‌సైటులో పెట్టిన పిటిషన్ మీద ఐదు లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. నేను చేయలేదు. ఎందుకో చెప్తాను.

మాలీ రస్సెల్ అని లండన్ అమ్మాయి, 2017 నవంబరులో 14 ఏళ్లకే ప్రాణం తీసుకుంది. ఆ పిల్ల ఫోన్లో వేల కొద్దీ దిగులు పోస్టులు, ఒళ్లు కోసుకునే పోస్టులు. తను వెతికినవి కొన్నే, మిగతావి యాప్ తనంతట తనే తెచ్చి చూపించినవి. 2022లో విచారణ జరిపిన కరోనర్, అంటే మరణానికి కారణం తేల్చే అధికారి, ఆ పోస్టుల ప్రభావం కూడా ఆమె చావుకి కారణమైందని తేల్చారు. నాకప్పుడు అదే వయసు కూతురు. టీవీ ముందు కూర్చుని వణికిపోయాను.

కానీ చూడండి, ఆ అమ్మాయి తండ్రి ఇయన్ రస్సెల్ 16 ఏళ్లలోపు పిల్లలకి పూర్తి నిషేధం వద్దంటున్నారు. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి. ఆ విషాన్ని తెచ్చి చూపించే యంత్రాన్ని సరిచేయమని కంపెనీలని అడుగుతున్నారు. పిల్లల్ని బయటికి పంపేస్తే లోపల యంత్రం అలాగే ఉంటుంది, 16వ పుట్టినరోజున మళ్లీ దాని ముందుకే వెళ్తారు. నేను ఆయన మాట వైపు ఉన్నాను. టీచర్ గారూ, మీ పిల్లల నిద్ర చెడగొట్టేది కూడా ఆ యంత్రమే కదా. ఖాతా లేకపోయినా అమ్మ ఫోన్లో, అన్న ఖాతాలో అదే రీల్ వస్తుంది.

మీ అమ్మాయి విషయం చదివాక ఒకటి చెప్పాలనిపించింది. ఆస్ట్రేలియాలో ఈసేఫ్టీ కమిషనర్ అని ఒక కార్యాలయం ఉంది. 2021 చట్టం ప్రకారం అలాంటి ఫొటోలు 24 గంటల్లో తీసేయమని కంపెనీకి నోటీసు ఇచ్చే అధికారం వాళ్లకి ఉంది. మా చెల్లెలు అడిలైడ్‌లో ఉంటుంది, వాళ్ల స్కూల్లో పాంప్లెట్ ఇచ్చారు. మీకెవరూ చెప్పలేదా?

రాత్రిడ్యూటీ_అమ్మ:

ఎవరూ చెప్పలేదు లక్ష్మి గారూ.

మీ మెసేజ్ డ్యూటీలో, రాత్రి మూడింటికి చదివాను. 24 గంటలు. మేము ఎనిమిది నెలలు పడ్డాం. ఆ చట్టం అప్పటికే అమల్లో ఉంది, నాకు తెలియదు. స్కూలు వాళ్లు కూడా చెప్పలేదు. కొత్త చట్టం కావాలని పేజీన్నర రాసిన నేను, ఉన్న చట్టం ఏమిటో చదవలేదు. కాసేపు మందుల గదిలోకి వెళ్లి నిలబడ్డాను.

గుంటూరు_ప్లీడర్:

మీ మూడో ప్రశ్నకి నేను చెప్తానండీ.

మన దగ్గర రెండు విషయాలున్నాయి, జనం కలిపేస్తున్నారు. ఒకటి ఆస్ట్రేలియా తరహా నిషేధం. ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రి నారా లోకేష్ ఆ చట్టాన్ని పరిశీలిస్తున్నామని 2026 జనవరిలో చెప్పారు. అయితే ఫోన్లు, ప్రసారాలు, అలాంటి సమాచార సాధనాలన్నీ రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో ఉన్నాయి. రాష్ట్రం ఎంతవరకు వెళ్లగలదో కోర్టులో తేలాల్సిందే.

రెండోది ఇప్పటికే చట్టం అయింది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 9వ సెక్షన్. మన దగ్గర పిల్లలంటే 16 కాదు, 18 లోపు. వాళ్ల సమాచారం వాడుకోవాలంటే కంపెనీ తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతి ఇచ్చినవాళ్లు నిజంగా పెద్దవాళ్లేనని నిర్ధారించుకోవాలి. ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ఈ బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. అదే సెక్షన్లో పిల్లల్ని వెంటాడి వాళ్ల అలవాట్లు నమోదు చేయకూడదని, వాళ్లని గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని కూడా ఉంది. ఆ భాగం నాకు చాలా నచ్చింది. అక్కడ ఆగి ఉంటే చప్పట్లు కొట్టేవాణ్ణి.

నా భయం అనుమతి దగ్గర. మన ఇళ్లలో అనుమతి అంటే నాన్న. పదహారేళ్ల ఆడపిల్లకి పెళ్లి కుదిర్చితే, అది తప్పని, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయొచ్చని ఆ పిల్లకి ఎక్కడ తెలుస్తుంది? ఆ సంగతి అడగడానికి ఆ పెళ్లి కుదిర్చిన నాన్న దగ్గరే సంతకం తెచ్చుకోవాలా?

రెండో భయం పెద్దవాళ్ల గురించి. వయసు తనిఖీ అని మొదలుపెట్టి ప్రతి ఖాతాకి ఒక కార్డు తగిలిస్తే, ఇక పేరు చెప్పకుండా మాట్లాడే మనిషి మిగలడు. నా దగ్గరికి వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడి సంగతి చెప్తాను. వాళ్ల ఊళ్లో కొత్త సిమెంటు రోడ్డు మూడు నెలలకే పగిలింది. స్కేలు పెట్టి కొలిచి, సిమెంటు మందం ఎంతుందో ఫొటో తీసి పోస్టు పెట్టాడు. సాయంత్రానికి స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. కేసు పెట్టలేదు. రాత్రి తొమ్మిదింటి దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు, అంతే. ఇంటికెళ్లి పోస్టు తీసేశాడు. నా ఆఫీసుకి వచ్చినప్పుడు ఆ స్కేలు ఇంకా వాడి బ్యాగులో ఉంది. ఏ పార్టీ ప్రభుత్వంలో అని అడక్కండి, రెండు రాష్ట్రాల్లోనూ ఏ పార్టీ ఉన్నా పోస్టుల మీద కేసులు ఆగలేదు.

ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్ గుర్తుందా? 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరు అమ్మాయిల్ని ఒక ఫేస్‌బుక్ పోస్టుకి అరెస్టు చేశారు. ఒకమ్మాయి రాసింది, ఇంకొకమ్మాయి లైక్ కొట్టింది. శ్రేయా సింఘాల్ అనే ఆమె సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్ని కొట్టేసింది. తీర్పు ఇచ్చిన ఇద్దరు జడ్జీల్లో ఒకరు మన కృష్ణా జిల్లా జాస్తి చలమేశ్వర్ గారు. ఆ రోజు మా బార్ అసోసియేషన్‌లో స్వీట్లు పంచుకున్నాం. కొట్టేసిన తర్వాత కూడా అదే సెక్షన్ కింద స్టేషన్లలో కేసులు రాస్తూనే ఉన్నారని 2021లో సుప్రీంకోర్టే విస్తుపోయింది. పోయిన సెక్షన్‌తోనే ఇన్ని కేసులు పెట్టారు. ప్రతి పోస్టు వెనకా కార్డు నంబరు ఉంటే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

కరీంనగర్ బాబు గురించి కూడా ఆలోచించాను. ఈ రూల్స్ పూర్తిగా అమల్లోకి వచ్చాక, మీ వాడిని ఆ ప్రశ్న అడగాలంటే ఆ పిల్లాడు ముందు ఇంట్లో అనుమతి తీసుకోవాలి. నత్తి ఉన్న పిల్లాడు ఆ సంగతి ఇంట్లో నోరు తెరిచి చెప్పగలిగితే, ముక్కూ మొహం తెలియని అన్నని అడుగుతాడా?

లెక్కల_టీచర్_ఒంగోలు:

ప్లీడర్ గారూ, 1098 మా తరగతి గోడ మీద నేనే పెయింటుతో రాయించాను. గత ఏడాది ఒక పిల్ల దాన్ని చూసే ఫోన్ చేసింది, నా ఫోన్ నుంచే. కాబట్టి ఆ నంబరు తెలియడానికి ఇన్‌స్టాగ్రామే ఉండాలని నేను ఒప్పుకోను. పిల్లలకి నమ్మకమైన మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి ఉంటే ఏ యాప్ అక్కర్లేదు.

కానీ కరీంనగర్ పిల్లాడి సంగతి మీరు రాసింది రాత్రంతా నా మనసులో తిరిగింది. నా క్లాసులో కూడా నత్తి ఉన్న పిల్లాడు ఒకడున్నాడు, మూడో బెంచీలో చివర. ఎక్కాలు అప్పజెప్పమని నేను వాణ్ణి ఎప్పుడూ అడగలేదు. ఇబ్బంది పడతాడని వదిలేశాను. ఈ రోజు ఉదయం అడిగాను, అందరితో కలిపి రాగం తీస్తూ చెప్పించాను. పదిహేడో ఎక్కం చెప్పాడు.

చట్టం మీద నా అభిప్రాయం మారలేదమ్మా. మీ బాబు లాంటి వాళ్లకి అందులో ఒక దారి పెట్టాలని మాత్రం ఒప్పుకుంటున్నాను.

రాత్రిడ్యూటీ_అమ్మ:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. టీచర్ గారూ, మీ పదిహేడో ఎక్కం మా వాడికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, ఇంకోసారి చదవమన్నాడు.

నిన్న శనివారం నలుగురం కూర్చున్నాం. మా అమ్మాయికి ఇప్పుడు 17. ఇన్నాళ్లూ ఈ విషయంలో దాన్ని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు, దాని కోసమే కదా నేను ఆ ఉత్తరం రాసింది. అడిగాను. "అమ్మా, నువ్వు రాసినందుకు నాకు సంతోషమే. కానీ నా ఫొటోలు మార్చిన వాడికి అప్పుడే 16 దాటింది. ఈ చట్టం ఆ రోజు ఉన్నా వాడు అక్కడే ఉండేవాడు, నన్ను తీసేసేవాళ్లు. ఇప్పుడు తమ్ముణ్ణి తీసేసినట్టు" అంది. మూడేళ్లలో ఆ మనిషి గురించి అది నోరు విప్పడం ఇదే మొదటిసారి. మా ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయారు.

ఈసారి ఇంకో ఉత్తరం రాస్తున్నాను, మా ఎంపీకి. మొదటిదాంట్లో రాసింది ఏదీ కొట్టేయడం లేదు. మూడు సంగతులు అడుగుతున్నాను. రిపోర్ట్ కొట్టగానే ఈసేఫ్టీ వాళ్ల నంబరు అదే తెర మీద కనబడాలి. పిల్లలకి తనంతట తాను తెచ్చి చూపించే ఆ యంత్రాన్ని ఆపాలి. తల్లో తండ్రో పక్కన కూర్చుని నడిపే ఖాతాని పిల్లాడి పేరుతోనే ఉండనివ్వాలి. మా అమ్మాయి ఇంగ్లీషు దిద్దుతోంది. ఈసారి గడువు లేదు కాబట్టి నెమ్మదిగా రాస్తున్నాం.

మాధాపూర్ తమ్ముడు చెప్పినట్టే నా పేరుతో ఖాతా తెరిచాను. వయసు కోసం నా ముఖం అడగలేదు, మెయిల్ పాతది కావడం వల్లేమో. పాస్‌వర్డ్ నా మందుల డైరీలో రాసుకున్నాను. పాత ఛానెల్లోని 63 పద్యాల్లో వాడి ఫోన్లో మిగిలినవి 41. మిగతావి మళ్లీ పాడతానన్నాడు.

అయితే మొదటి వీడియో పద్యం కాదు. వాడే వద్దన్నాడు. కెమెరా ముందు కూర్చుని మామూలుగా మాట్లాడాడు. కరీంనగర్ పిల్లాడి పేరు చెప్పలేదు, "తమ్ముడూ" అన్నాడు, అంతే. "నువ్వు అడిగావు కదా. ఆగుతాను. పద్యంలో ఆగను, మాటలో ఆగుతాను" అని చెప్పడానికి వాడికి ఒక నిమిషం నలభై సెకన్లు పట్టింది. 'పద్యం' అన్న మాట దగ్గర పెదాలు కలిసి అలాగే ఉండిపోయాయి. నేను ఫోన్ పట్టుకుని ఉన్నాను, కట్ చేయనా అని సైగ చేశాను. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ మాట వచ్చేదాకా ఆగాం.

నిన్న రాత్రి పెట్టాను. పొద్దున చూస్తే రేపల్లె పెద్దాయన ఎలా పట్టుకున్నారో వచ్చేశారు. తమ్ముడు ఇంకా రాలేదు. కరీంనగర్ వైపు వాళ్లు ఎవరైనా ఈ పోస్టు చూస్తుంటే, నత్తి ఉన్న పిల్లలు చదివే స్కూళ్లేమైనా తెలిస్తే, నాకు మెసేజ్ పెట్టండి. లింకు పంపిస్తాను.